మధ్యలో ఆగని విమానం వల్ల కలిగే నష్టాలు

రెండు దూరపు ఊళ్ళ మధ్య నేరుగా విమానం నడపాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో నాకు తెలియదు. ఆ మనిషికి చుట్టాలు లేరన్నది మాత్రం ఖాయం.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నేను కళ్ళద్దాల షాపు నడుపుకుంటున్నవాణ్ణి. కాగితం మరీ దగ్గరగా పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయనీ, కాస్త దూరంగా పట్టుకుంటేనే తేటగా కనపడతాయనీ రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. దాన్ని చత్వారం అంటారు. నలభై దాటితే ఎవరికైనా వస్తుంది. ఇది కాగితాలకే కాదు, మనుషులకూ పనిచేస్తుందని చెప్పడానికే ఇవాళ కలం పట్టాను.

ఈ మధ్య కొన్ని వెబ్‌సైట్లు వచ్చాయి. రెండు ఊళ్ళ పేర్లు కొడితే చాలు, వాటి మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణానికి ఎన్ని గంటలు అన్నది టక్కున చెప్పేస్తాయి. మా ఊరూ, మా అక్క ఉండే ఊరూ కొట్టి చూశాను. ఏడు గంటల చిల్లర అంది. మ్యాపు మీద రూళ్ళకర్ర పెట్టి గీత గీసి, ఆ గీత మీద విమానాన్ని తోసేసి, ఇదే ప్రయాణం పొమ్మంది. తాళంచెవి వెతుక్కునే టైము అందులో లేదు. టాక్సీవాడు పక్క సందులో ఆగి 'మీ ఇల్లెక్కడ సార్' అని అడిగే టైము లేదు. బెల్టు విప్పించి, బూట్లు విప్పించి, మన నీళ్ళ సీసాని మన చేతే చెత్తబుట్టలో వేయించే టైము అసలే లేదు.

అయినా నా ఫిర్యాదు అది కాదు. లెక్క తప్పని నేననడం లేదు. లెక్క నిజమైపోవడమే నా బాధ!

పోయినేడాది దాకా ఆ ఊరు వెళ్ళాలంటే మూడు విమానాలు. మొదటిది మధ్యలో ఉన్న పెద్ద ఊరికి. అక్కడ ఒక పూటంతా కూర్చోవాలి. రెండోది ఒక బుల్లి ఎయిర్‌పోర్టుకి. అక్కడ ఒకే ఒక్క టీ కొట్టు. దాని మీద 'ఇప్పుడే వస్తాను' అన్న బోర్డు ఉండేది. ఆ వచ్చేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత మూడోది. ఇవాళ బయల్దేరినవాడు ఎల్లుండి తేలేవాడు. బూట్లు విప్పితే మళ్ళీ ఎక్కేవి కావు, పాదాలు అలా పొంగేవి.

ఎంత మంచి రోజులండీ అవి.

మా పక్కన మందుల షాపాయన ఉన్నాడు. ఆయన వియ్యంకుడిది ఆ ఊరే. మనిషి మంచివాడు గానీ ముక్కుమీద కోపం. మనవడి పేరు తన వైపుది పెట్టలేదనో, ఫోన్ ఎత్తడం ఆలస్యమైందనో అరికాలి మంట నెత్తికెక్కి, 'ఇప్పుడే బయల్దేరి వస్తున్నా, అటో ఇటో తేల్చుకుంటా' అని విమానం ఎక్కేవాడు. మొదటి ఎయిర్‌పోర్టులో దిగేదాకా కోపం ఉండేది. అక్కడ ఆ టీ కొట్టు బోర్డు చూస్తూ కూర్చునేసరికి కోపం పోయి ఆకలి వచ్చేది. రెండోచోట పూటంతా ఇనప కుర్చీలో ఆకలి చచ్చిపోయి నడుంనొప్పి మొదలయ్యేది. మందులాయన గుమ్మం తొక్కేసరికి, ఎందుకు వచ్చాడో ఆయనకే గుర్తుండేది కాదు. 'బావగారూ, నడుముకి ఏదన్నా ఉంటే ఇవ్వండి' అని మంచం ఎక్కేవాడు. రెండు రోజులు పడుకుని లేచి, పిల్లల్ని ముద్దు చేసి వెళ్ళిపోయేవాడు. రెండు కుటుంబాలు ఆ విధంగా పచ్చగా ఉన్నాయి.

డైరెక్ట్ ఫ్లైట్ పడ్డాక ఆయన పొద్దున అలిగితే సాయంత్రానికి గుమ్మంలో ఉండేవాడు. చొక్కా మడత నలిగేది కాదు, అనదలుచుకున్న మాట ఒక్కటీ మర్చిపోయేవాడు కాదు. మందులాయన తన షాపులో మందులే తను వాడడం మొదలుపెట్టాడు.

మా పై అంతస్తులో డ్రాయింగ్ మాస్టారు ఉంటారు. ఆయన చిన్ననాటి స్నేహితుడొకాయన కూడా ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. మాస్టారు ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో 'సకుటుంబంగా రండి, వచ్చి నెల్లాళ్ళు ఉండండి' అనేవారు. ఇలాంటి మాటల్ని మన భాషలో ఎవరూ అక్షరాలా తీసుకోరు. తుమ్మితే 'చిరంజీవ' అంటాం, ఆ తుమ్మినవాడు చిరకాలం బతకాలని పట్టుబడతామా? కానీ డైరెక్ట్ ఫ్లైట్ పడ్డ వారమే ఆ స్నేహితుడి దగ్గర్నుంచి కబురు వచ్చింది, శుక్రవారం వస్తున్నాం, అందరం వస్తున్నాం అని. మాస్టారికి ఏం చెప్పాలో తోచక, ఇల్లంతా రంగులేయిస్తున్నాం అన్నారు. 'మరీ మంచిది, నేనూ ఒక చెయ్యి వేస్తా' అన్నాడు స్నేహితుడు. అబద్ధం నిజం చెయ్యడానికి మాస్టారు అప్పటికప్పుడు రంగు కొనుక్కొచ్చి గోడలకి పూయాల్సి వచ్చింది. దొరికిన రంగు పసుపు. ఆ ఇంట్లోకి వెళితే ఇప్పటికీ నా కళ్ళు జివ్వుమంటాయి. కళ్ళ గురించి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా, అది గోడకి వెయ్యాల్సిన రంగు కాదు.

సరే, ఊళ్ళోవాళ్ళ కథలు ఎందుకు? నా సంగతే చెబుతాను.

నాకు ఒక్కతే అక్క. పళ్ళ డాక్టరు. మా బావగారిది లిఫ్టులు, ఎస్కలేటర్లు తనిఖీ చేసే ఉద్యోగం. అమ్మ ఆఖరి రోజుల్లో అక్క వచ్చి, నెల రోజులు మా ఇంట్లో ఉండి, అంతా అయ్యాక వెళ్ళింది. ఆ తర్వాత రాలేదు.

రాలేదంటే రాకూడదని కాదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. పిల్లల సంగతులు, కాళ్ళ నొప్పులు, తన దగ్గరికొచ్చే పేషెంట్ల పళ్ళు, నా దగ్గరికొచ్చేవాళ్ళ కళ్ళు అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టే ముందు ఒక నిట్టూర్పు విడిచేది. "రావాలనే ఉందిరా. ఏం చెయ్యను, దూరం కదా."

ఆ మాట వినగానే నా కడుపు నిండేది. దూరం కదా పాపం, రావాలనే ఉంది పాపం. మా ఆవిడ కూడా ఒక చిన్న గదికి 'వదిన గది' అని పేరు పెట్టేసింది. అందులో ఒక మంచం, మంచం నిండా ఫ్రేముల కంపెనీవాళ్ళు పంపిన ఖాళీ అట్టపెట్టెలు. "వదిన వస్తున్నారంటే ఒక్క పూటలో ఖాళీ చేసేస్తాను" అనేది. ఏళ్ళ తరబడి ఆ పూట రాలేదు. మేమందరం సుఖంగా ఉన్నాం.

అప్పుడు పడింది ఆ డైరెక్ట్ ఫ్లైట్.

పేపర్లో చూడగానే షాపు తలుపు సగమే ఎత్తి, కింద నుంచి దూరి, లోపలికెళ్ళి అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, ఇంక ఏడు గంటలే. మా ఊరూ మీ ఊరూ పక్క వీధులు అయిపోయాయి" అన్నాను. "అవునా. మంచిదేగా" అంది అక్క. పన్ను పీకాలని చెప్పినప్పుడు పేషెంట్లు అలాగే అంటారట.

మొదటి నెల అడిగితే, "కొత్త లైను కదరా, పైలట్లకి కాస్త దారి అలవాటు కానీ" అంది. సబబుగానే తోచింది.

రెండో నెల అడిగితే, "దాంట్లో చెవులు బాగా పోటు పెడతాయటరా" అంది. అదీ నిజమేననుకుని దూది ఒక పొట్లం కట్టి పంపుదామనుకున్నాను.

మూడో నెల, "అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే నా కాళ్ళకి నీరు పడుతుందిరా. పాత విమానమైతే నయం, మధ్యలో దిగి నాలుగడుగులు నడవొచ్చు" అంది.

"అయితే పాతదాంట్లోనే రా అక్కా. అదీ నడుస్తోందిగా" అన్నాను.

"అంత దూరం ఎవరు వస్తార్రా" అంది.

ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయంటారే, కళ్ళద్దాల షాపువాడికి ఆ జబ్బుకి అద్దాలు దొరకవు. నేను గుమ్మం వైపు చూస్తూ ఉండడం గమనించి మా ఆవిడే తేల్చేసింది. "ఆవిడ రాకపోతే మనమే పోదాం. ఏడు గంటలేగా."

పోయాం. విమానంలో సగం సీట్లు ఖాళీ. ఒకసారి తిని, ఒకసారి కునుకు తీసి, కిటికీలోంచి మబ్బుల్ని చూసేసరికి దిగమన్నారు. ఇంటి దగ్గర వేసుకున్న ఇస్త్రీ చొక్కా ఇస్త్రీలాగే ఉంది. నష్టం అక్కడే తెలిసింది. పాత రోజుల్లో రెండు రోజుల ప్రయాణం చేసి, మొహం వేలాడేసుకుని దిగినవాణ్ణి చూడగానే ఎవరికైనా జాలి కలుగుతుంది. 'అయ్యో, ముందు స్నానం చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం' అంటారు. నా మొహం చూసి అక్కకి జాలి కలగలేదు. "తినే వచ్చారుగా" అంది.

అక్కది డాబా ఇల్లు. కింద క్లినిక్, పైన కాపురం. మెట్ల పక్కన అరలో తెల్లటి ప్లాస్టర్‌తో తీసిన పళ్ళ అచ్చులు వరసగా ఉంటాయి. మెట్లెక్కేవాళ్ళని చూసి ఊరంతా నవ్వుతున్నట్టుంటుంది. బావగారి టార్చిలైటు, స్పానర్లు టీవీ పక్కనే ఉంటాయి. ఆయన ఏ ఇంటికి వెళ్ళినా ముందు లిఫ్టు చప్పుడు విని, తర్వాత మనుషుల్ని పలకరిస్తారు.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు ఆదివారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చున్నాం. మాటల్లో మాటగా, మా ఆవిడకి ఎస్కలేటర్ ఎక్కితే కళ్ళు తిరుగుతాయని అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఎస్కలేటర్ అన్న మాట వింటే మా బావగారి నోట్లో నువ్వుగింజ నానదు.

"తిరుగుతాయి మరి" అన్నారాయన, ఉత్సాహంగా. "మీ ఎయిర్‌పోర్టులోనే ఉంది చూడు, కొత్తది, లగేజీ దగ్గరికి దిగేది. దాని చేతిపట్టీ మెట్ల కంటే ఒక పిసరు ముందు పోతోంది. చెయ్యేమో ముందుకెళ్ళిపోతుంది, మనిషి వెనకే ఉంటాడు. కళ్ళు తిరగవూ? అక్కడున్నవాడికి చెప్పాను కూడా, పట్టించుకున్నాడో లేదో."

నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఉండిపోయాను. ఆ ఎస్కలేటర్ పెట్టిందే డైరెక్ట్ ఫ్లైట్ పడ్డాక, దాంట్లో వచ్చేవాళ్ళ కోసం.

మా ఆవిడ ఆయన కంచంలో ఇంకొంచెం కూర వడ్డిస్తూ ఎంతో మర్యాదగా అడిగింది. "మీరెప్పుడు ఎక్కారన్నయ్యా దాన్ని?"

బావగారు అక్క వైపు చూశారు. అక్క కూర గిన్నె వైపు చూసింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడినవాడిలా ఆయన, "ఎక్కలేదమ్మా, వీడియోలో చూశాను" అన్నారు.

"చేతిపట్టీ కూడా వీడియోలోనే పట్టుకున్నారా?"

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి అవస్థ పడుతున్నారు. అందరం ఆ స్కూటర్ చప్పుడు మీదే చాలా శ్రద్ధ పెట్టాం.

కాసేపయ్యాక అక్క చెయ్యి కడుక్కుని వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. "నువ్వు కుడివైపు నమలడం లేదు. నిన్నటి నుంచీ చూస్తున్నా. కిందికి రా" అంది.

క్లినిక్ తలుపులు మూసే ఉన్నాయి. నన్ను ఆ వాలు కుర్చీలో పడుకోబెట్టి, మొహం మీదికి దీపం లాగి, నోరు తెరవమంది. ఒక సూది గుచ్చింది. కాసేపటికి నా కింది పెదవి ఎవరిదో అయిపోయింది. నోట్లో రెండు పక్కలా దూది కుక్కి, నీళ్ళు పీల్చే గొట్టం తగిలించి, చిన్న అద్దం లోపల పెట్టింది.

అప్పుడు మొదలుపెట్టింది.

"వచ్చాంరా. డెంటిస్టుల మీటింగు ఉంటే వచ్చాం. రెండు రోజులు. హోటల్లో దిగాం."

నేను "ఆ" అన్నాను. అంతకంటే వీలు లేదు. కోర్టులో ముద్దాయికైనా నోరు తెరిచే హక్కుంటుంది. నాకు నోరు తెరిచే ఉంది, అదే వచ్చిన చిక్కు.

"నీకు చెబితే ఏమవుతుంది? షాపు మూసేస్తావు. మీ ఆవిడ మంచం నాకిచ్చి తను హాల్లో పడుకుంటుంది. ఊళ్ళో ఉన్న పార్కులన్నీ చూపిస్తావు. నీ షాపు చూపిస్తావు, పక్క షాపు చూపిస్తావు. వద్దంటే వినవు. కదలకు, పుచ్చు లోపలిదాకా పోయింది."

"ఆ."

"అదీ పరవాలేదు. మొదటి రోజు నవ్వుకుంటాం. రెండో రోజు అమ్మ సంగతి వస్తుంది. మూడో రోజు, అమ్మని ఎవరు ఎక్కువ చూసుకున్నారన్న మాట వస్తుంది. నువ్వు, నెల్లాళ్ళు వచ్చి ఉన్నదానివి నీకేం తెలుసంటావు. నేను, ప్రతి నెలా మందులు ఎవరు పంపారంటాను. పోయినసారి అలాగే కదా విడిపోయాం. అప్పుడు ఎన్నాళ్ళు ఫోన్లు లేవో నీకు గుర్తుందో లేదో. నాకుంది."

ఆమె చెయ్యి ఆగింది. అద్దం మాత్రం నా నోట్లోనే ఉంది.

"ఫోన్లో అయితే మనిద్దరం ఎంత బాగుంటాంరా. నువ్వంటే ఇష్టం లేక రాకపోవడం కాదు. వస్తే ఆ ఉన్న ఇష్టం కాస్తా పోతుందేమోనని."

పన్ను పూడ్చేసి, దూది తీసేసి, పుక్కిలించమంది. చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. తను మందులు పంపిన సంగతి నేను మర్చిపోలేదనీ, హోటల్లో దిగడం మాత్రం తప్పేననీ, మా ఊళ్ళో పార్కులు నిజంగానే బాగుంటాయనీ. కానీ మొద్దుబారిన పెదవితో ఏం మాట్లాడినా నీళ్ళు కారుతున్నాయి.

"నొప్పి లేదు కదా" అంది అక్క.

"లేదు" అన్నాను. చొక్కా మీద కారింది. ఆమే తుడిచింది.

మర్నాడు తిరిగి వచ్చేశాం. విమానం బాగా పైకి లేచాక మా ఆవిడ, "చెవులు పోటు పెడుతున్నాయా?" అని అడిగింది.

"లేదు. నీకు?"

"నాకూ లేదు" అని కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం అక్క ఫోన్ చేసింది. పిల్లల సంగతులయ్యాయి, కాళ్ళ నొప్పులయ్యాయి. ఫోన్ పెట్టే ముందు వచ్చే ఆ ఒక్క మాట రాలేదు. రావాలనే ఉందని ఆమె అనలేదు, అంటే నమ్మడానికి నేను సిద్ధంగానూ లేను. దాంతో ఫోన్ ఎలా పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. వానల గురించి మాట్లాడుకున్నాం, టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా. పై వారం అంతకంటే త్వరగా అయిపోయింది. ఆ పైవారం ఆమెకు క్లినిక్‌లో పని తగిలింది. ఆదివారం పూట.

మా ఆవిడ వదిన గది తలుపు తీసి, ఉన్న అట్టపెట్టెల మీద ఇంకో నాలుగు పెట్టి, మూసేసింది.

చూశారా, ఒక విమానం ఎంత పని చేసిందో? సముద్రాల మీద, కొండల మీద భద్రంగా నిలబడ్డ ఒక బంధం, మధ్యలో ఆగకపోవడం వల్ల కూలిపోయింది. దీనికి నష్టపరిహారం అడిగే కౌంటర్ ఏ ఎయిర్‌పోర్టులోనూ లేదు. అడిగాను. లగేజీ పోయిందా అన్నారు.

అయితే సగం సీట్లు ఖాళీగా ఉన్నాయని చెప్పానుగా. విమానం కంపెనీవాళ్ళకి కూడా ఆ సంగతి ఆలస్యంగా తెలిసొచ్చింది. చుట్టాలంటే అందరికీ ఇష్టమేననుకుని లైను వేశారు పాపం, అనుభవం లేక. ఏడాది తిరక్కుండానే డైరెక్ట్ ఫ్లైట్ ఆపేశారు. మందులాయన ఆ పూట షాపు మూసి ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఆయన మొహంలో అంత ప్రశాంతత నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు నేను షాపులో ఒకాయన చెవుల వెనక ఫ్రేము కాడలు వంచి సరిచేస్తున్నాను. అక్క ఫోన్ చేసింది. ఆదివారం కూడా కాదు.

"ఒరేయ్, ఆపేశారటగా."

"ఆపేశారక్కా."

"అయ్యో. వేసవిలో వద్దామనుకున్నాం."

"అయ్యో. గది ఖాళీ చేయించాలనుకున్నాను నేను కూడా."

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. అక్కే అయ్యుంటుంది, తనకి నవ్వు ఆపుకోవడం చిన్నప్పటి నుంచీ రాదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఇద్దరికీ. కళ్ళద్దాలు నా చేతిలో ఉండిపోయి, ఆ కస్టమరు గోడ ఎటుందో తెలియక కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

"పాత విమానం మధ్యలో ఆ పెద్ద ఊళ్ళో ఆగుతుంది కదూ" అంది అక్క, దగ్గు తగ్గాక.

"ఆగుతుంది. ఒక పూటంతా."

"మా వైపు నుంచి వెళ్ళేదీ అక్కడే ఆగుతుంది." కాస్త ఆగి అంది. "ఒక పూటలో రెండో రోజు రాదు కదరా."

అలా కలిశాం. మేమిటు నుంచి, వాళ్ళటు నుంచి. ఆ పెద్ద ఎయిర్‌పోర్టులో, ఏ ఊరూ కానిచోట, నాలుగు ఇనప కుర్చీల్లో. ఇవ్వడానికి మంచం లేదు, చూపించడానికి పార్కు లేదు. కాయితం కప్పుల్లో టీ తాగాం. అక్క అందరి పళ్ళూ చూసి ఎవరికి ఏం జబ్బో చెప్పింది, నేను అందరి కళ్ళద్దాలూ చూసి పవర్ ఎంతో చెప్పాను. అక్కడ నేల మీద మనుషుల్ని మోసుకెళ్ళే బెల్టు ఒకటుంది. బావగారు దాని మీద అటూ ఇటూ పోతూ చెవి వంచి వింటుంటే, మా ఆవిడ ఎక్కకుండా పక్కనే నడుస్తూ ఆయనతో మాట్లాడింది. మేమిద్దరం ఎందుకు నవ్వామో గుర్తులేనంతగా నవ్వాం. అమ్మ సంగతి రాలేదు. రానివ్వలేదు.

అక్కావాళ్ళ విమానం ముందు. పిలుపు వచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని లైన్లో నిలబడింది. వరస కదులుతోంది, నేను పక్కన నడుస్తున్నాను. గేటు దగ్గర అమ్మాయి అక్క చేతిలో కాగితం తీసుకుంది.

"అమ్మని నువ్వే ఎక్కువ చూసుకున్నావురా" అంది అక్క, ఆ అమ్మాయి వైపే చూస్తూ. "నాకు తెలుసు. మొహం మీద చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు."

"కాదక్కా, ఆ నెల్లాళ్ళూ నువ్వు..." అన్నాను.

"సార్, మీరు పక్కకి జరగాలి" అంది గేటు అమ్మాయి.

అక్క అవతలికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి కనపడుతూనే ఉంది. అటు తిరిగి, వంగి విమానం తలుపు దగ్గర చక్రాలేవో చూస్తున్న బావగారిని చెయ్యి పట్టుకుని లేపుతోంది. అద్దం మీద కొట్టాను. వినపడలేదు.

కాబట్టి విమానాలు నడిపే అధికారులకు విన్నవించుకునేదేమంటే, డైరెక్ట్ ఫ్లైట్ ఆపి మీరు మంచి పని చేశారు, మా వీధి మొత్తం తరఫున కృతజ్ఞతలు. ఇంకా రెండుచోట్ల ఎక్కువ ఆపినా అభ్యంతరం లేదు. ఊళ్ళ మధ్య దూరం పెంచగలిగితే అదీ పెంచండి. గేటు మాత్రం అంత త్వరగా వెయ్యకండి. ఒక మాట సగంలో ఉండిపోయింది. అది ఫోన్లో చెప్పే మాట కాదు.